మూడోనాటి ఉప్పు

నా నాలుక పోయింది. మాట పోలేదు. అది పోయుంటే మా ఇంట్లో అందరూ సుఖపడేవాళ్ళు. పోయింది రుచి.

పోయిన వానాకాలంలో పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ఒళ్ళునొప్పులు తగ్గాయి, నోరు మాత్రం తిరిగి రాలేదు. పథ్యం తిన్న నోరు కదా, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. గోంగూర పచ్చడి కలుపుకుని ముద్ద పెట్టుకుంటే తడిమట్టి నములుతున్నట్టు ఉంది. కాఫీ తాగితే వేడిగా ఉందని తెలుస్తుంది, అది కాఫీ అని తెలియదు. మిరపకాయ కొరికితే మంట ఒక్కటీ తెలుస్తోంది. హమ్మయ్య, ఒకటన్నా మిగిలింది అనుకుంటే, మంట రుచి కాదమ్మా, అది నొప్పి అని డాక్టరు చెప్పాడు. అంటే అరవై తొమ్మిదేళ్ళకి నాకు మిగిలింది నొప్పి ఒక్కటేనన్నమాట.

ఆ చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను. మోకాళ్ళు చూపించుకుంటానని చెప్పి బయల్దేరాను. మోకాళ్ళంటే మా ఇంట్లో ఎవరూ వెంటరారు, వినీ వినీ వాళ్ళ చెవులు అరిగిపోయాయి. ఆ అబ్బాయికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ముక్కులోకి లైటు వేసి చూసి, వయసెంతమ్మా అని అడిగాడు. చెప్పాను. తలకాయ ఊపాడు. ఆ ఊపు నాకు కొత్తేం కాదు. కంటి డాక్టరూ అదే ఊపు, పళ్ళ డాక్టరూ అదే ఊపు. వీళ్ళందరికీ కాలేజీలో ముందు ఆ ఊపే నేర్పుతారేమో. జ్వరం ముక్కులో వాసననీ, నాలుక మీది రుచినీ రెండిటినీ దెబ్బతీసిందట. ఈ వయసులో తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. పొద్దునా సాయంత్రం లవంగాలు, నిమ్మతొక్క, నీలగిరి తైలం వాసన చూస్తూ ఉండమన్నాడు. ఆర్నెల్ల పాటు రోజూ కళ్ళు మూసుకుని మూడు గిన్నెలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంట్లో వాళ్ళు నేనేదో కొత్త నోము పట్టాననుకున్నారు. దేవుడి పని కదా అని ఎవరూ ఏమీ అడగలేదు.

ఎందుకు దాచావని మీరు అడుగుతారు. చెప్తాను. ఆ ఇంట్లో నా పెత్తనాలన్నీ ఒక్కొక్కటే చేతులు మారాయి. పాలవాడితో పోట్లాడే పని పోయింది, ఇప్పుడు పాలు ప్యాకెట్లో వస్తున్నాయి, ప్యాకెట్టుతో ఎవరు పోట్లాడతారు? పొయ్యి కోడలిది అయింది. ఏ పండగ ఎప్పుడో కేలండరు చూసి చెప్పే పని కూడా ఫోను లాక్కుంది. చివరికి నాకంటూ మిగిలింది ఒక్కటే: ఏ కూరకైనా, పచ్చడికైనా చివర్లో వేలు నాలుక మీద పెట్టుకుని, సరిపోయింది అని చెప్పడం. మా కోడలు ఎంత బాగా వండినా గిన్నె దించేముందు "అత్తయ్యా, ఉప్పు చూడండి" అంటుంది. ఆ ఒక్క పిలుపు కోసం నేను టీవీ చూస్తున్నా చెవి వంటింట్లోనే పెట్టుకుని కూర్చుంటాను. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. నేనూ అదే అనుకుని బతికాను. ఆ పిలుపు కూడా పోతే ఆ ఇంట్లో నేను మంచానికీ, మాత్రల డబ్బాకీ మధ్య ఉండే మనిషిని.

నా బదులు ఉప్పు చూడమని మా ఆయన్ని అడుగుదామంటే ఆయనకి బీపీ. ఐదేళ్ళుగా చప్పిడి తిండి. తినేటప్పుడు మొహం వేలాడేసుకుంటాడు, నేను అప్పట్లో తెగ జాలిపడేదాన్ని. ఇప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే కూర తింటున్నాం, ఆ సంగతి ఆయనకి తెలియదు.

నా గుట్టు తెలిసింది పక్కింటామెకి ఒక్కదానికే. వాళ్ళాయనకి స్టేషన్ రోడ్డులో మోటారు సైకిళ్ళ మెకానిక్ షెడ్డు ఉంది. ఇరవై ఏళ్ళ నుంచి గోడకి అటూ ఇటూ ఉంటున్నాం. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. ఒకరోజు గిన్నెలో బగారా అన్నం తెచ్చి పెట్టి ఎట్టా ఉందక్కా అంది. నేను నాలుగు ముద్దలు తిని, అన్నీ కుదిరాయి, ఉప్పయితే మరీ కొలిచి వేసినట్టుంది అన్నాను. ఆమె నా మొహంలోకి అదోలా చూసింది.

"ఉప్పు వేయటం మర్చిపోయానక్కా. అందుకే నిమ్మకాయ తెచ్చా" అంది.

ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ముందు ఏడ్చేశాను కూడా. అప్పటి నుంచి ఆమే నా నాలుక. రోజూ పదిన్నరకి కరివేపాకు కోసమనో, పేపరు కోసమనో వస్తుంది. నేను గరిటెతో కాస్త కూర ఆమె అరచేతిలో వేస్తాను. సరిపోతే మా కోడలి చీర బాగుందంటుంది. చాలకపోతే చెవి తడుముకుంటుంది. ఎక్కువైతే మంచినీళ్ళు అడుగుతుంది. నేను ఆ వెనకే గంభీరంగా నాలుక మీద వేలు పెట్టుకుని తీర్పు చెప్తాను. నోట్లో నువ్వుగింజ నానని మనుషులున్న వీధి మాది. ఆమె మాత్రం ఎక్కడా పొక్కనీయలేదు. కాకపోతే ఒకసారి మా కోడలు నన్ను చాటుకి పిలిచి, పక్కింటి పిన్ని ఎప్పుడు చూసినా నీళ్ళడుగుతోంది, షుగరేమో చూపించుకోమనండి అత్తయ్యా అంది. సరే చెప్తాలే అన్నాను. ఆ వారం కూరల్లో ఉప్పు ఎక్కువవుతుంటే నేనేం చేసేది?

ఈలోపు పాలు మాడాయి. పొయ్యి ఎదురుగా స్టూలు మీదే కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. వాసన డాబా మీద బట్టలు ఆరేస్తున్న కోడలికి అందింది, గిన్నెకి మూరెడు దూరంలో ఉన్న నాకు అందలేదు. కునుకు పట్టిందని అబద్ధమాడాను. ఆ సాయంత్రం మా అబ్బాయి కొట్టు నుంచి వచ్చి, అమ్మా ఇక నువ్వు పొయ్యి దగ్గరికి పోబాకు అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే నాకు భయమేసింది. మాట్లాడితే ఇంకేం బయటపడుతుందోనని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అట్లా మాఘమాసం వెళ్ళింది. పండుమిరపకాయలు దిగాయి. వెల్దుర్తి వైపు మా ఆడపడుచు కొడుకు చేలో కాయ పన్నెండు కిలోలు వచ్చింది. మా వైపు ఈ రోజుల్లో కొరివికారం పెట్టని ఇల్లుండదు. పండుకాయలు కడిగి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీలో అదిమిపెడతాం. మూడోనాడు బయటికి తీసి మళ్ళీ తొక్కుతాం. ఉప్పు తేల్చేది ఆ మూడోనాడే. మా అత్తగారి లెక్క ప్రకారం ఆ రోజు నాలుకకి ఉప్పు ఎక్కువనిపించాలి, నెలకి సమానం కావాలి. ఆ ఎక్కువ ఎంత ఎక్కువో అదే అసలు విద్య. తగ్గితే ఉగాది దాటేలోగా బూజు పడుతుంది. మరీ ఎక్కువైతే ఏడాదంతా ఇంటిల్లిపాదీ ఉప్పు నాకాలి.

కొలతతో వేయొచ్చు కదా అంటారు. నా కొలత నా పిడికిలి. వెనకటికి గళ్ళుప్పు, ఇప్పుడు ప్యాకెట్టుప్పు, పిడికిలి కూడా వేళ్ళు వంకర్లు పోయి సగమయింది. ఒక ఏడాది కాయకి తడి ఎక్కువ, ఒక ఏడాది తక్కువ. అయినా తెగించి ఫోనులో వెతికాను. ఒకామె రోట్లో చేసింది, ఒకాయన పొలంలో చేశాడు, ఒక పిల్ల డ్యాన్సు చేస్తూ చేసింది. చింతపండు గ్రాముల్లో చెప్పారు, వెల్లుల్లి రెబ్బల్లో చెప్పారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: రుచికి తగినంత. ఫోను మంచమ్మీదకి విసిరేశాను.

దీనికి తోడు నేను పెట్టిన చట్టం ఒకటుంది. మూడోనాడు నేను చూసి చెప్పేదాకా పచ్చట్లో ఎవరూ వేలు పెట్టకూడదు. ఇరవై రెండేళ్ళ కిందట మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో సరదాపడి వేలు ముంచబోతే గరిటెతో వేళ్ళ మీద ఒక్కటిచ్చాను. ఎంగిలవుతుందని అప్పుడు చెప్పిన సాకు. అసలు సంగతి, ఆ చోటు నాది. ఆ పిల్ల మళ్ళీ ఎన్నడూ ముంచలేదు. కాబట్టి ఆ రోజు ఎవరి మొహం చూసి ఉప్పు కనిపెడదామన్నా నాకంటే ముందు తిన్న మొహం ఆ ఇంట్లో ఉండదు.

అయినా నాకు ధీమా ఉంది, పక్కింటామె ఉంది కదా అని. మొదటి తొక్కుడు అయింది. రెండోనాడు సాయంత్రం ఆమే గోడ మీద నుంచి నెలవంక కనపడిందక్కా అని కేకేసి చెప్పింది. నేను కూడా డాబా ఎక్కి చూశాను. బాగుందన్నాను, రంజాను శుభాకాంక్షలు అని కూడా అన్నాను. అన్నీ అన్నానుగానీ నెలవంకకీ నా పచ్చడికీ ముడి ఉందని నా మట్టిబుర్రకి తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె ఉపవాసాలు చూస్తున్న మనిషిని. ఒకప్పుడు ఏ వీధిలో ఎవరికి ఏ వ్రతమో నోటికి చెప్పేదాన్ని.

మూడోనాడు పొద్దున పదింటికి గోడ దగ్గరికి పోయి, మధ్యాహ్నం రా చెల్లెమ్మా, ఉప్పు చూడాలి అన్నాను.

"రోజా ఉన్నానక్కా" అంది.

నిన్న చూసిన నెలవంక అప్పుడు గుర్తొచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆమెకి నా సంగతి అర్థమైంది. తప్పనిసరైతే నాలుక కొసకి తగిలించి ఊసేయొచ్చంటారు, మీరు అడిగితే చేస్తానక్కా అంది. అది నెల మొత్తానికీ మొదటి ఉపవాసం. ఎండ అప్పుడే మొదలైంది, ఆమె పెదాలు అప్పటికే ఎండి ఉన్నాయి. పచ్చి కొరివికారం నాలుకకి తగిలితే చెంబెడు నీళ్ళు తాగినా ఆరదు, ఆమె పొద్దుగూకేదాకా గుటక మింగకూడదు. చూడమని అడగాలనే ఉంది. నిజం చెప్తున్నాను, అడగడానికి నోరు కూడా తెరిచాను. నా పరువు కోసం ఇంకొకామె నోరు మండించేంత దిగజారానా అని నామీద నాకే అసహ్యం వేసి, వద్దులే అన్నాను. అయితే ఇఫ్తారు కాగానే వస్తా, అప్పటిదాకా ఎట్టాగో ఆపండి అంది.

ఆపడం మొదలుపెట్టాను. రాహుకాలం అన్నాను. మా కోడలు ఫోను చూసి, పదిన్నరకే వెళ్ళిపోయిందత్తయ్యా అంది. మూడోనాడంటే మూడు పొద్దులు నిండాలి అన్నాను. మరి పోయినేడు పన్నెండింటికే తొక్కాం కదా అంది. తలనొప్పి అన్నాను, మాత్ర తెచ్చింది. కాళ్ళు లాగుతున్నాయన్నాను, పడుకోండి నేను తొక్కుతా, మీరు ఉప్పు చూద్దురుగాని చాలు అంది. పడుకుంటే లేపుతుంది, లేస్తే చూడమంటుంది. ఆఖరికి పచ్చడి తొక్కే గ్రైండరు మూత తీసుకెళ్ళి నా మంచం కింద దాచాను. అరవై తొమ్మిదేళ్ళ మనిషిని మంచం కింద వంగి మూత దాస్తుంటే నడుం పట్టేసింది, అమ్మో అని అరిచాను, కోడలు పరిగెత్తుకొచ్చి నన్నూ మూతనీ కలిపి లేపింది. మూత కడిగి గ్రైండరుకి పెట్టింది.

రెండున్నరకి తొక్కడం అయిపోయింది. పెద్ద బేసిను నిండా ఎర్రగా పచ్చడి. హైదరాబాదు నుంచి మా అమ్మాయి వీడియో కాల్లోకి వచ్చింది. నేను సరిపోయిందని చెప్పడం చూడటం దానికి ఏటా ఒక సరదా. ఫోనుని ఉప్పు డబ్బాకి ఆనించారు. కోడలు స్పూనుతో తీసి నా అరచేతిలో పెట్టింది. నాలుక మీద వేసుకున్నాను.

మంట. అంతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత మంట, దాని వెనక ఏమీ లేదు. నాలుకని ఇటు తిప్పాను, అటు తిప్పాను, అంగిట్లో అదిమాను. ఎక్కడన్నా ఒక్క రవ్వ ఉప్పు తగులుతుందేమోనని వెతుక్కున్నాను. సరిపోయింది అనేస్తే అయిపోతుంది. ఒక్క మాట. సాయంత్రం పక్కింటామె వచ్చాక గుట్టుగా సర్దుకోవచ్చు. అందామనే అనుకున్నాను. ఇంతలో మా కోడలు, నేనింకా పెదవి విప్పకముందే, జాడీలు పొడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళలో నా మాట ఒక్కసారి తప్పలేదు కాబట్టి నేను ఏమంటానో దానికి ముందే తెలుసు. ఆ జాడీలు తుడవడం చూసి అబద్ధమాడటానికి నాకున్న కాస్త ధైర్యమూ చెదిరిపోయింది.

"నాకు తెలియట్లా" అన్నాను.

"ఏంది?"

"ఉప్పు. ఏ రుచీ తెలియట్లా. వానల్లో జ్వరం కాడ్నుంచి."

కోడలి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఫోనులో మా అమ్మాయి నోరు తెరుచుకుని అట్లాగే బిగుసుకుపోయింది, నెట్‌వర్కు పోయిందో, దిమ్మెరపోయిందో తెలియలేదు. నేను ఎవరి మొహమూ చూడలేక బేసిను వంక చూస్తూ, నువ్వు చూడవే అన్నాను. మా కోడలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నలభై నాలుగేళ్ళ మనిషి, బడిలో దెబ్బ తప్పించుకునే పిల్లలాగా. చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, చూడవే తల్లీ అన్నాను.

చూసింది. ఉప్పగా ఉందత్తయ్యా అంది. ఎంత ఉప్పగా అన్నాను. ఎంతంటే ఉప్పగా అంది. ఉండాల్సినంత ఉందా అన్నాను.

"ఉండాల్సినంత ఎంతో నాకేం తెలుసత్తయ్యా? మీరెన్నడూ చూడనియ్యలేదుగా" అంది.

ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. ఎత్తిపొడిచినా బాగుండేది, తిరిగి ఒక మాట అని ఊపిరి పీల్చుకునేదాన్ని.

మా అత్తగారు కూడా నన్ను పదమూడేళ్ళు వేలు పెట్టనివ్వలేదు. చాటున తిట్టుకునేదాన్ని, నా కోడల్ని మాత్రం ఇట్లా చేయనని ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఆమెకి పక్షవాతం వచ్చిన ఏడాది మంచం దగ్గరికి బేసిను తెప్పించుకుంది. తను ఒక వేలు నాకి, ఇంకో వేలితో తీసి నా నోట్లో పెట్టి, ఇదీ, గుర్తుపెట్టుకో అంది. అంతే, నాకు వచ్చేసింది. దానికి మాటల్లేవు. ఇద్దరి నాలుకల మీదా ఒకేసారి ఒకే ఉప్పు ఉంటేనే అది చేతులు మారుతుంది. పోయినేడు నా నాలుక బాగానే ఉంది. అంతకుముందు ఇరవై ఏళ్ళూ బాగానే ఉంది. ఒక్క ఏడాదన్నా ఒక్క వేలు దాని నోట్లో పెట్టలేకపోయానా? ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నా నాలుకే పోతుందని ఎవరనుకున్నారు?

నాకు పిచ్చెత్తినట్టయింది. మళ్ళీ చూడు అన్నాను. ఉప్పు ముందు తగుల్తోందా, పులుపు ముందు తగుల్తోందా? ఉప్పేననుకుంటా అంది. అనుకోవడం కాదే, సరిగ్గా చూడు. నాలుక కొసనా, పక్కలా? మింగాక గొంతులో నిలబడుతోందా, దిగిపోతోందా? అది పాపం నేనడిగినప్పుడల్లా వేలు ముంచుతోంది, కళ్ళు మూసుకుంటోంది, చెప్పబోయి ఆగుతోంది. నేను చూస్తే తేల్చగలను, నాకు తెలియడం లేదు. దానికి తెలుస్తోంది, తేల్చలేకపోతోంది. ఇద్దరి మధ్యా పన్నెండు కిలోల పచ్చడి ఉంది. ఆరోసారికి దాని ముక్కూ కళ్ళూ కారిపోతున్నాయి, పెదాలు వాచాయి. నోరు తెరిచి చేత్తో విసురుకుంటూ నా వంక చూసింది.

"అత్తయ్యా, ఇప్పుడు నాక్కూడా ఏం తెలియట్లేదు" అంది.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొంగుతో దాని మొహం తుడిచాను.

"పోయి మజ్జిగ తాగి రా. వచ్చి మళ్ళీ వేలు పెట్టు. ఎన్నిసార్లయినా పెట్టు" అన్నాను.